భక్తి చేసే చోటే గర్వం ఎందుకు పెరుగుతుంది? మనలోని వేషధారణను ఎలా గుర్తుపట్టాలి, ఎలా వదిలించుకోవాలి?

సండేస్కూల్_అక్క:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం అడుగుతున్నాను. ఎవరినీ బజారుకు ఈడ్చడానికి కాదు కాబట్టి మా ఊరు, సంఘం పేరు అడగొద్దు. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. తెల్లవారుజామున ప్రార్థనకు మందిరం తలుపులు తీసేది ఆయనే, శ్రమల కాలం నలభై రోజులూ ఒంటిపూట భోజనం, దశమభాగం ఒక్క నెల కూడా తప్పదు. ఇవన్నీ నిజంగానే చేస్తారు, దొంగభక్తి అని నేను అనలేను. కానీ ఆయన ఇంట్లో అంట్లు తోమే ఆమెకు టీ పోసే గ్లాసు వేరు. వంటింటి బయట గూట్లో బోర్లించి ఉంటుంది. ఆమె కూడా మా సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్న విశ్వాసి. ఆదివారం ఇద్దరూ ఒకే రొట్టెలో పాలుపొందుతారు, సోమవారం ఆమె గ్లాసు మళ్ళీ గూట్లోనే ఉంటుంది.

ఈ మధ్య పిల్లలకు లూకా 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు), సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ఇద్దరూ దేవాలయంలో ప్రార్థించిన ఉపమానం చెప్తుంటే ఒక పిల్లవాడు లేచి, "టీచర్, ఆ పరిసయ్యుడు అబద్ధం చెప్పలేదు కదా, నిజంగానే ఉపవాసం ఉన్నాడు, నిజంగానే పదో వంతు ఇచ్చాడు, మరి దేవుడు ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడిగాడు. ఏదో చెప్పాను కానీ ఆ జవాబు నాకే చాల్లేదు. పైకి ఒకటి, లోపల ఒకటి ఉండటమే వేషధారణ అయితే దాన్ని పట్టుకోవడం తేలికే. చేసేదంతా నిజమే అయినప్పుడు గర్వాన్ని ఎలా కనిపెట్టాలి? కనిపెట్టాక ఏం చేయాలి? "ప్రార్థన చేయండి సిస్టర్" అని మాత్రం రాయకండి, అది చేస్తూనే ఉన్నాను.

గుండ్లకమ్మ_మాస్టారు:
అమ్మా, ఆ పిల్లవాడి ప్రశ్న చాలామంది ప్రసంగీకులకు రాని ప్రశ్న. జవాబు ఉపమానం మొదట్లోనే, తొమ్మిదో వచనంలో ఉంది. "తామే నీతిమంతులని తమ్ము నమ్ముకొని యితరులను తృణీకరించు" వాళ్ళకు ప్రభువు ఈ కథ చెప్పాడు. రెండూ జంటగా ఉన్నాయి చూడండి. తనను తాను నమ్ముకోవడం లోపల జరిగేది, మనకు కనపడదు. ఇతరులను తృణీకరించడం మాత్రం బయట కనపడుతుంది, అందుకే గుర్తుపట్టాలంటే అక్కడే చూడాలి. ఆ పరిసయ్యుడు దేవుడితో మాట్లాడుతూనే ఓరకంట పక్కవాణ్ణి చూస్తున్నాడు, "ఈ సుంకరివలె" అని వేలు పెట్టి మరీ చూపిస్తున్నాడు. ప్రార్థనలో పక్కవాడి కొలత వచ్చిందంటే అక్కడ ఏదో తప్పిందన్నమాట.

మా జిల్లా సంగతి ఒకటి చెప్పాలి, ఇది గ్లాసు విషయానికే వస్తుంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాక, తోళ్ళ బేరం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా ఆ పల్లెల్లో సువార్త పాకింది. పెద్ద కులాల వాళ్ళు కొందరు దొర దగ్గరకు వచ్చి, వీళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఊళ్ళో పలుకుబడి, బడి, చదువుకున్న కుటుంబాలు అన్నీ ఒకవైపు, ఈ జనం మరోవైపు. ఆయన, ఆయన భార్య ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయమే వచ్చిందట, లోకరీతిగా జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదన్న మాట. దాంతో ఆ జనాన్నే చేర్చుకున్నాడు. ఆయనే రాసుకున్న సంగతి ఇది. తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అప్పుడు బాప్తిస్మం అడిగిన వాళ్ళకు మాత్రం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ళ మనసు కూడా తేటగా ఉండాలని ఆపాడు. కరువు పనులు అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇప్పుడు ఆ 2,222 మంది మనవళ్ళ మనవళ్ళం మేము. మాలో కొందరం నిన్నగాక మొన్న రక్షణ పొందిన వాళ్ళ ముందు "మేం క్లౌ దొర కాలం నుంచీ క్రైస్తవులం" అని కాలరెగరేస్తాం. కొత్తగా వచ్చిన ఆమె తడబడుతూ ప్రార్థన చేస్తే కళ్ళు తెరిచి చూస్తాం. పెద్దకులం, చిన్నకులం అనే లెక్క ఒప్పుకోనన్న మనిషి వల్ల మనకు సువార్త వచ్చింది, మనం పాతా కొత్తా అని ఇంకో లెక్క తెచ్చాం. నన్నడిగితే ఆత్మీయ గర్వానికి మొట్టమొదటి గుర్తు ఇదే, దేవుడు ఉచితంగా ఇచ్చినదాన్ని పిత్రార్జితం లాగా చెప్పుకోవడం.

కృష్ణలంక_సిస్టర్:
వందనాలు మాస్టారూ. నేను నగలు వేసుకోని, తెల్లబట్టలు కట్టే సహవాసంలో పెరిగాను. ఆ పద్ధతిని బయటివాళ్ళు తేలిగ్గా తీసిపారేస్తారు కాబట్టి ముందు దాని మంచి చెప్తాను. మా అమ్మతరం ఆడవాళ్ళు పెళ్ళికి గొలుసు కోసం వడ్డీకి అప్పు తెచ్చేవాళ్ళు. బంగారం లేని ఆమె పేరంటానికి వెళ్ళలేక ఇంట్లో కూర్చునేది. సంఘంలో అందరూ నగలు తీసేసరికి కూలికి వెళ్ళే ఆమె, టీచరమ్మ ఒకే చాప మీద ఒకేలా కూర్చున్నారు. అది నేను కళ్ళతో చూశాను, గొప్ప సంగతి అది.

అదే పద్ధతి కొన్నేళ్ళకు కొలబద్ద అయిపోయింది. స్త్రీల కూడికకు ఎవరైనా గాజులు వేసుకుని వస్తే వాక్యం చదువుతున్న ఆమె చూపు కూడా ఆ చేతుల మీదే. బొట్టు పెట్టుకుని వచ్చిన పక్కింటి ఆమె గుండెలో ఎంత దుఃఖం ఉంటే ఆ మెట్లెక్కిందో ఎవరూ అడగరు, బొట్టు ఎప్పుడు తీస్తావు అని అడుగుతారు. అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టిన నియమంతోనే ఇప్పుడు మనిషిని గుమ్మం దగ్గర ఆపుతున్నాం.

మత్తయి 23:23లో ప్రభువు పుదీన, సోపు, జీలకర్రలో పదో వంతు ఇచ్చేవాళ్ళను గద్దించాడు కానీ అది మానేయమనలేదు. న్యాయాన్నీ, కనికరాన్నీ, విశ్వాసాన్నీ వదిలేశారు, వాటిని మానకుండా వీటిని చేయాలి అన్నాడు. కాబట్టి అక్కా, మీ పెద్దాయన ఉపవాసం మానక్కర్లేదు. నేను పట్టుకున్న పద్ధతి ఒకటే, నా నియమం నా బీరువా వరకే. ఎదుటి మనిషి బీరువా గురించి నాకు ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఆమె కష్టం ఒకటి తెలుసుకుని దానికోసం ప్రార్థిస్తాను, చేతనైతే సాయం చేస్తాను.

మందిరం_మానేశా:
నేను రెండేళ్ళుగా ఏ సంఘానికీ వెళ్ళడం లేదు, అయినా ఇక్కడ రాస్తున్నా. మీరు రాసేవన్నీ బాగున్నాయి. మా అమ్మకు క్యాన్సర్ వచ్చినప్పుడు ఇంటికొచ్చిన ప్రార్థన బృందం "ఇంట్లో దాచిన పాపం ఏదో ఉంది, అందుకే స్వస్థత రావడం లేదు" అన్నారు. కీమో చేయించుకుంటున్న మనిషి ముందు. అన్నది ఎవరో తెలుసా, కమిటీ ఎన్నికల్లో ఓట్లకు డబ్బులు పంచిన మనిషి. చర్చి స్థలం మీద కోర్టులో రెండు వర్గాలు కొట్టుకుంటుంటే అందులో ఒక వర్గానికి నాయకుడు. వాళ్ళకు అది పాపం కాదు, మా అమ్మ జబ్బు మాత్రం పాపం.

ఇంతమంది ఇన్ని వాక్యాలు రాశారు కదా, ఒక్కటే అడుగుతా. ఆ గ్లాసు గురించి ఆ పెద్దాయనతో ఎవరైనా నోరు విప్పి మాట్లాడారా?

సండేస్కూల్_అక్క:
లేదు తమ్ముడూ. మీ అమ్మగారి సంగతి చదివి చాలా బాధేసింది, అలా అనడం ఏ వాక్యం ప్రకారమూ సరికాదు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇదే ప్రశ్న వేస్తే ప్రభువు వీడూ పాపం చేయలేదు, వీడి తల్లిదండ్రులూ చేయలేదు అన్నాడు. ఇక మాట్లాడలేదా అంటే, ఆయన నాకు తండ్రి వయసు వారు, సంఘంలో నన్ను సండే స్కూల్‌కు పెట్టింది కూడా ఆయనే. భయం అనండి, మొహమాటం అనండి.

వాక్యదీపం:
సిస్టర్, తప్పుగా అనుకోకండి, మీ బాధ అర్థమైంది. కానీ ఇలాంటివన్నీ నలుగురూ చదివే చోట రాస్తే అన్యులకు మనమే మాట అనే అవకాశం ఇచ్చినట్టే. అసలే బయట మన మీద ఎన్ని మాటలు పడుతున్నాయో తెలుసు కదా. మత్తయి 18:15 ప్రకారం తప్పు చేసిన సహోదరుడి దగ్గరకు వెళ్ళి ఒంటరిగా చెప్పాలి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి. లోకస్థుల ముందు దైవజనులను, పెద్దలను తక్కువ చేయడం అభిషేకం మీద చెయ్యి వేయడమే.

డోర్నకల్_లైన్:
బ్రదర్, ఒంటరిగా చెప్పాలన్న మాట సరైనదే, అక్క పేరు కూడా రాయలేదు కాబట్టి ఆమె ఆ మాట తప్పలేదు. కానీ గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఒకసారి తీయండి. అక్కడ గొడవంతా భోజనం దగ్గరే. పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటూ, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరినుంచి మనుషులు రాగానే భయపడి వేరే కూర్చున్నాడు. మిగతా యూదులూ ఆయన వెనకే వెళ్ళారు, బర్నబా అంతటివాడు కూడా వాళ్ళ వేషధారణతో కొట్టుకుపోయాడు అని రాసి ఉంది. పేతురు బోధలో తప్పు లేదు, ప్రార్థనలో తప్పు లేదు, కూర్చునే చోటు మార్చాడు, అంతే. పౌలు దానికి వేషధారణ అని పేరు పెట్టి "అందరి యెదుట" అడిగాడు. చాటున చెప్పి సర్దేసి ఉంటే అన్యజనులలో నుంచి వచ్చిన ఆ విశ్వాసులు జీవితాంతం మేము రెండో రకం అనుకునేవాళ్ళు. నలుగురి ముందు జరిగిన అవమానం కాబట్టి నలుగురి ముందే సరిచేయాల్సి వచ్చింది.

మా డోర్నకల్ పేరు చెప్పగానే అజరయ్య గారు గుర్తొస్తారు. ఆయన తిరునెల్వేలి మనిషి, మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకుని పనిచేశారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది, దాదాపు 1,200 మంది ప్రతినిధులు, అందరూ దొరలే అన్నట్టు, ఆసియా వాళ్ళు ఇరవై మందికి మించరు. అక్కడ లేచి ఆయన మిషనరీల ముందే మిషనరీల సంగతి చెప్పారు. మీరు మా పేదలకు ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. 1 కొరింథీ 13నే వాళ్ళకు తిప్పి వినిపించారు. సభలో కలకలం రేగింది, కొంతమంది దొరలకు కోపం వచ్చింది. ఇంటి గుట్టు అని ఆయన ఆగలేదు. రెండేళ్ళకు 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యి, 1945లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు.

ఆ మిషనరీలు దుర్మార్గులు కారు. ప్రాణాలిచ్చిన వాళ్ళున్నారు, పిల్లల్ని ఈ మట్టిలోనే పూడ్చుకున్న వాళ్ళున్నారు. అంత త్యాగం చేసిన మనిషికి కూడా పక్కవాణ్ణి తనతో సమానంగా కూర్చోబెట్టుకోవడం కష్టమైంది. త్యాగం చేశాం కదా అన్న ధీమాతో గర్వం ఎంత నిబ్బరంగా కూర్చుంటుందో ఇక్కడ చూడాలి. అక్క వాళ్ళ పెద్దాయనదీ ఇదే కథ అని నాకనిపిస్తోంది.

పల్నాడు_కాపరి:
సహోదరులకు వందనాలు. చిన్న సంఘం కాపరిని, ఓ మాట చెప్పనివ్వండి. అభిషేకం మీద చెయ్యి వేయడం అన్న మాట మా వాళ్ళే ఎక్కువగా వాడతారు, లెక్క అడిగినప్పుడల్లా వాడతారు. అభిషేకం పొందిన రాజు దావీదును అతని పాపం గురించి నాతాను ప్రవక్త అడిగినప్పుడు దావీదు ఆ మాట అనలేదు, నేను పాపం చేశాను అన్నాడు.

మా కాపరుల్లో గర్వం ఎక్కడినుంచి వస్తుందో లోపలివాణ్ణిగా చెప్తాను. ఎక్కడో డబ్బు కట్టి పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడం, పదిమంది సంఘానికి బిషప్ అని ఫ్లెక్సీ వేయించుకోవడం, స్టేజీ మీద కుర్చీ ఎత్తు గురించి అలగడం, ఇవి అందరికీ కనపడేవి. కనపడనిది ఇంకొకటి ఉంది. కాపరికి షుగర్ వస్తే సంఘానికి చెప్పడు. ఎందుకంటే చెప్పినరోజు "అయ్యగారికే స్వస్థత లేదు, మనకేం ప్రార్థిస్తారు" అంటారు. ఇంట్లో భార్యాభర్తలకు మాట పడితే చెప్పలేడు. పిల్లవాడు పరీక్ష తప్పితే ఊరు మార్చి చదివిస్తాడు. సాక్ష్యం సమయంలో కూడా ఇదే. మోకాలి నొప్పి తగ్గింది అని చెప్పిన ఆమెకు చప్పట్లు, ఇంకా తగ్గలేదు కానీ ప్రభువు నాతో ఉన్నాడు అని చెప్పిన ఆమె కూర్చునేసరికి నిశ్శబ్దం. మరుసటి వారం ఆమె కూడా తగ్గిందనే చెప్తుంది.

అంటే సంఘంలో నిజం చెప్పినవాడికి చిన్నచూపు, నటించినవాడికి గౌరవం దొరుకుతున్నాయి. ఇలా ఉన్నంతకాలం ఒక్కొక్కరినీ వేషం తీసేయమని ప్రసంగం చెప్తే ఎవరు తీస్తారు? మనిషి గుండెలో పాపం ఉంది, కాదనను, కానీ ఆ పాపానికి నీళ్ళు పోసి పెంచేది సంఘమే. అందుకే మా దగ్గర సాక్ష్యాల సమయంలో జవాబు రాని ప్రార్థన గురించి చెప్పడానికి కూడా చోటు ఇస్తున్నాం. ముందు నేనే మొదలుపెట్టాలి కాబట్టి నా బీపీ సంగతి చెప్పాను. ఇద్దరు సంఘం మారారు. మిగిలినవాళ్ళలో ఒక తండ్రి తన కొడుకు తాగుడు గురించి మొదటిసారి నోరు తెరిచాడు. కానుకల లెక్క నెలకోసారి గట్టిగా చదివి, రసీదుల ఫైలు బల్ల మీద పెట్టి, ఎవరైనా చూసుకోవచ్చని చెప్తున్నాం. అడిగేవాడు ఉన్నచోట గర్వం ఎక్కువసేపు నిలబడదు.

డాలస్_బ్రదర్:
ఇక్కడ టెక్సస్‌లో ఆదివారం సాయంత్రం తెలుగు సహవాసాలు చాలా ఉన్నాయి. మాది చదువుకున్న సంఘం, గ్లాసులు వేరుగా ఉండవు. పెళ్ళిళ్ళ దగ్గర బయటపడుతుంది. తిరిగి జన్మించిన అమ్మాయి అయితే చాలు, ఇంకేం పట్టింపు లేదంటారు, మొదటి ఫోన్‌లోనే "మీరు గుంటూరులో ఏ పేట, మీ నాన్నగారు ఏ సంఘం" అని అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు వస్తే కులం తెలిసిపోతుందని అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. మన పేపర్లలో పెళ్ళి ప్రకటనలు చూడండి, క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ రెడ్డి.

ఇంకొకటి, మేము ఇంటికి పంపే డబ్బు. కుట్టుమిషన్లు, దుప్పట్లు కొనమని పంపుతాం, ఫోటోలు కావాలంటాం. ఫోటోలో బ్యానర్, బ్యానర్ మీద మా కుటుంబం బొమ్మ, దాని కింద ఎండలో దుప్పటి పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యం ఇంత స్పష్టంగా ఉంటే, ఆ ముసలమ్మ ముఖం ఫేస్‌బుక్‌లో పెడతాం. లెక్క తెలియడం వేరు, రసీదు చాలు దానికి. మా సహవాసంలో కొంతమందిమి కలిసి ఫోటో అడగకూడదు, బ్యానర్ వేయకూడదు అని చెప్పి పంపడం మొదలుపెట్టాం. వచ్చే చందా తగ్గింది. తగ్గినదాన్ని బట్టి ఇన్నాళ్ళూ ఎంత భాగం బ్యానర్ కోసం వచ్చిందో అర్థమైంది.

ఈ దేశం చరిత్రలో ఒక సంగతి నన్ను వదలడం లేదు. 1740ల్లో ఇక్కడ గొప్ప ఉజ్జీవం వచ్చింది. దాని గురించి రాస్తూ జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే దైవజనుడు, భక్తిలో ఆసక్తి ఉన్నవాళ్ళ గుండెలోకి సాతాను దూరే ముఖ్యమైన తలుపు ఆత్మీయ గర్వమే అన్నాడు. గర్వం ఉన్నవాడు ఎదుటివాడి లోపాలు వెతుకుతాడు, వినయం ఉన్నవాడికి తన ఇంట్లో పనే సరిపోతుంది అన్న అర్థంలో చాలా లోతుగా రాశాడు. దీనిమీద అంతకంటే బాగా రాసినవాళ్ళు అరుదు. అదే మనిషి 1731లో వీనస్ అనే నల్లజాతి బాలికను బానిసగా కొన్నాడు, కొనుగోలు పత్రం ఇప్పటికీ ఉంది. గర్వం గురించి అంత తెలిసిన మనిషికి ఇంట్లో ఉన్న ఆ పిల్ల కనపడలేదు. తెలుసుకోవడం, రాయడం, బోధించడం ఇవేవీ కాపాడవని దీన్నిబట్టి నాకర్థమైంది. మనకంటే కింద ఉన్న మనిషికి మనల్ని అడిగే హక్కు, ధైర్యం ఉంటేనే మనకు కళ్ళు తెరుచుకుంటాయి.

వాక్యదీపం:
కాపరి గారు, మీరు చెప్పినవి ఆలోచించాల్సినవే, అభిషేకం మాట తొందరపడి వాడానేమో. అయితే అందరూ పెద్దల మీదే పడుతున్నారు కాబట్టి అడుగుతున్నా, ఆదివారం మందిరంలో చేతులెత్తి స్తుతించి, కాలేజీలో కుల సర్టిఫికెట్ మీద హిందూ అని రాయించుకునేది వేషధారణ కాదా? దాన్ని ఎవరూ ఎందుకు మాట్లాడరు?

గుంటూరు_వకీలు:
మాట్లాడదాం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా మొదట హిందువులు కానివాళ్ళను ఎస్సీలుగా గుర్తించలేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టారు, అక్కడ ఉన్న రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు ఉమ్మడి రాష్ట్రం నుంచీ వచ్చినది 15 శాతం. ఊరివాళ్ళకు మాత్రం బాప్తిస్మం తీసుకున్నా, తీసుకోకపోయినా ఆ కుటుంబం వాడలో కుటుంబమే, ఆ వివక్ష ఏమీ తగ్గదు. కూలి పనిచేసే తండ్రి కూతుర్ని నర్సింగ్‌లో చేర్చడానికి ఆ కాగితం దగ్గర ఏం రాయాలో తెలియక నా ఆఫీసులో తల పట్టుకుని కూర్చుంటాడు.

అబద్ధం రాయమని నేను చెప్పను, చట్టపరంగా కూడా దానికి ఫలితాలుంటాయి, విశ్వాసపరంగా వాళ్ళ మనస్సాక్షి వాళ్ళను కుదురుగా ఉండనివ్వదు. కానీ మత్తయి 23లో ప్రభువు వేషధారులారా అని ఎవరిని అన్నాడో చూడండి. మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, వేలితోనైనా కదపనివాళ్ళను. బరువు కింద ఉన్నవాణ్ణి కాదు. ఆ కుర్రాణ్ణి వేషధారి అనే ముందు మన సంఘం వాడి ఫీజు కట్టగలదా అని అడగాలి. భయంతో అబద్ధమాడినవాడిదీ, గౌరవం కోసం నటించినవాడిదీ ఒకే పాపం అనడం నాకు న్యాయంగా అనిపించదు.

ఓరుగల్లు_కతోలిక:
మేము కతోలికులం, మా దగ్గర పద్ధతులు కొంచెం వేరు. విభూది బుధవారం నాడు నుదుట విభూది పెట్టించుకునే పూజలోనే మత్తయి 6వ అధ్యాయం చదువుతారు, ఉపవాసమున్నప్పుడు ముఖం కడుక్కో, మనుషులకు కనపడనీయకు అన్న సువిశేష భాగం. నుదుటిమీద గుర్తు పెట్టుకుని ఆ మాట వినాలి. ప్రతి ఏడూ నన్ను అది నిలదీస్తుంది, అలా నిలదీయడానికే ఆ రెండూ పక్కపక్కన పెట్టారనుకుంటా. పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, దానివల్ల కూడా ఒక మేలు ఉంది, కనీసం ఒక మనిషి ముందు నోటితో చెప్పాలి. ప్రొటెస్టెంట్లకు కూడా యాకోబు 5:16 ఉంది కదా, మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అని. మీ భార్యో, భర్తో, నమ్మకమైన ఒక స్నేహితురాలో, ఎవరో ఒకరు ఉండాలి. అయితే కొందరు దాన్ని కూడా అలవాటుగా చేసుకుని, చెప్పేశాం కాబట్టి అయిపోయింది అనుకుంటారు, నేను అది రోజూ చూస్తాను.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారి మఠాల్లో మోషే అనే నల్లజాతి సన్యాసి ఉండేవాడు, ఒకప్పుడు దొంగ. ఒక సహోదరుడు తప్పు చేశాడని తీర్పుకు పిలిస్తే చిల్లులున్న కుండలో నీళ్ళు పోసుకుని మోసుకుంటూ వచ్చాడు. ఏమిటిది అంటే, నా పాపాలు నా వెనక కారిపోతున్నాయి, నాకు కనపడటం లేదు, ఇంకొకడి తప్పుకు తీర్పు తీర్చడానికి వచ్చాను అన్నాడు. వాళ్ళు ఆ సహోదరుణ్ణి క్షమించి వదిలేశారు.

మందిరం_మానేశా:
ఈ కథ బాగుంది కానీ మా అమ్మను అన్నవాణ్ణి కూడా అలాగే వదిలేయాలా?

పల్నాడు_కాపరి:
లేదు తమ్ముడూ. మోషే గారు తీర్పు తీర్చనన్నది బలహీనుడి మీద, ఆ మాట చెప్పింది బలవంతుల సభలో. మీ అమ్మగారి సంగతిలో బలహీనురాలు ఆమె. ఆమెను అలా అన్న మనిషి ఆమె ముందు క్షమాపణ చెప్పాలి, సంఘం చెప్పించాలి. మీరు కోపంగా ఉన్నందుకు నేను తప్పు పట్టను. ఆమెకు ఇష్టమైతే వచ్చి కలుస్తాను, ప్రార్థన చేయమంటే చేస్తాను, వద్దంటే ఊరికే కూర్చుంటాను.

కృష్ణలంక_సిస్టర్:
అక్కా, ఇంతమంది రాశాం, ఒక్కరం కూడా అంట్లు తోమే ఆమె గురించి అడగలేదు. ఆ పెద్దాయనతో మాట్లాడే ముందు ఆమెను అడిగారా? మీరు వెళ్ళి గ్లాసు సంగతి కదిపితే రేపు ఆమె పని పోవచ్చు. మన మనస్సాక్షి తేలికపడటానికి ఆమె జీతం పోకూడదు.

సండేస్కూల్_అక్క:
నిజమే సిస్టర్. నిన్న సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి మాట్లాడాను. ఆమె అన్నవి ఆమె ఇష్టంతోనే రాస్తున్నాను. "గ్లాసు సంగతి నాకు ఎప్పుడో అలవాటైపోయింది టీచరమ్మా, అడుగుతానంటే అడగండి, వద్దనను. కానీ జీతం మూడేళ్ళ నుంచి పెంచలేదు, అది ముందు అడగండి. ఇంకోటి, ఇన్నేళ్ళలో కూడికలో నన్ను ప్రార్థన చేయమని ఎవరూ పిలవలేదు. నాకు ప్రార్థన రాదనుకుంటారు." ఆ చివరి మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. గ్లాసు ఆయన ఇంట్లో ఉంది, ఈ పిలవకపోవడం మా అందరిదీ. స్త్రీల కూడిక నడిపేవాళ్ళతో మాట్లాడాను, వచ్చే వారం ఆమె ప్రార్థన చేస్తారు. పెద్దాయన దగ్గరకు మా పాస్టరమ్మగారు నాతో వస్తానన్నారు.

గుండ్లకమ్మ_మాస్టారు:
చాలా సంతోషం అమ్మా. వెళ్ళేటప్పుడు ఆయన చేసే మంచిని ముందు ఒప్పుకోండి, మాటవరసకు కాకుండా. మీరే రాశారు కదా అది నిజమని. నాతాను కూడా దావీదు దగ్గరకు నేరం చదువుతూ వెళ్ళలేదు. ఆయనకు కోపం వస్తే అక్కడే గెలవాలని చూడకండి, చెప్పి వచ్చేయండి, రెండోసారి వెళ్ళొచ్చు.

పల్నాడు_కాపరి:
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. జీతం విషయం మందిరంలో కాకుండా ఇంట్లోనే మాట్లాడండి, ఆమె అడగమన్నదని కాకుండా మీరే అడుగుతున్నట్టు అడగండి. వెళ్ళే ముందు మీ సంఘం లెక్కల పుస్తకం తీయించి, మందిరం ఊడ్చే ఆమెకు నెలకు ఎంత ఇస్తున్నారో, చివరిసారి ఎప్పుడు పెంచారో చూసుకుని వెళ్ళండి. ఆయన తప్పకుండా అడుగుతారు.